అంత్యకాల సేవ – శోకోపశమనము



దైవదర్శనము ముగించుకొని గుడి మెట్లపై క్షణకాలము కూర్చుండి లేచుట మన పెద్దల ఆచారము. ఆ క్షణములో వారు దేవుని కోరునది ధనము కాదు, పదవి కాదు. తీసుకొని తీసుకొని పోవని మరణము, ఒకరి యెదుట చేయి చాపని బ్రతుకు, తుదిలో భగవంతుని సన్నిధి, ఈ మూడే వారి కోరికలు. ఇందు మూడవది దైవాధీనము. మొదటి రెండు మాత్రము చాలవరకు మనుష్యుల చేతులలోనివి. మంచము పట్టిన వానికి బాధ లేకుండ చేయుట, వాని మానము కాపాడుట, వాడు పోయిన పిమ్మట మిగిలిన వారిని ఆదుకొనుట, ఈ మూడు పనులును చుట్టునున్న మనమే చేయవలెను. ఈ ప్రసంగమున ఆ సేవాధర్మమును గూర్చి మనము ఆలోచింతము.

మన సీమ స్థితి

కణేకల్ ప్రాంతము ఎట్టిదో మీకు మేము చెప్పనక్కరలేదు. ఒక వంక తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండు చెరువు, దాని క్రింద వరిమడులు; వేరొక వంక హగరి అని మనము పిలుచుకొను వేదవతి ఒడ్డున గాలికి కదలుచు పొలములపై కప్పుకొనిన ఇసుక మేటలు. వాన నమ్మి వేరుసెనగ విత్తుట, వాన తప్పినచో బెంగుళూరికో బళ్ళారికో కూలికి పోవుట, తరతరములుగా ఈ మెట్టసీమ బ్రతుకు ఇదియే.

ఇట్టి వలసలో వెనుక మిగులువారు వృద్ధులు. కొడుకు, కోడలు పట్టణమున కట్టడముల పనిలో నుందురు. ఇంటిలో ముసలి తల్లి, ముసలి తండ్రి, బడికిపోవు మనుమడు. ఆ తండ్రికి పక్షవాతము వచ్చినను, ఆ తల్లికి గర్భకోశపు క్యాన్సరు ముదిరినను, దిక్కు ఆ తొమ్మిదేండ్ల మనుమడే, లేదా ఇరుగుపొరుగు.

వైద్యము ఒకప్పటికంటె దగ్గరకు వచ్చిన మాట సత్యము. 1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, బత్తలపల్లి, కళ్యాణదుర్గము, కణేకల్లులలో ఆసుపత్రులను నెలకొల్పినది. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. ఆ పథకమే 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేర నడచుచున్నది. నయమగు రోగమునకు ఇప్పుడు దారి కలదు. కాని "ఇక మా చేతిలో లేదు, ఇంటికి తీసుకొని పొండు" అని వైద్యుడు చెప్పిన మరునాటి సంగతి ఏమి? ఆ మాట తరువాత రోగి బ్రతుకునది ఒక వారము కావచ్చును, ఆరు మాసములు కావచ్చును. ఆ కాలమంతయు వానికి వైద్యము లేదు, ఉపశమనము లేదు, కొన్ని ఇండ్లలో పలకరింపు కూడ లేదు. పశువుల కొట్టము ప్రక్క చాపపై మూలుగుచు కాలము వెళ్ళదీయు పెద్దలను మన పల్లెలలో చూడని వారెవరు? బిడ్డలకు ప్రేమ లేక కాదు, ఏమి చేయవలయునో తెలియక ఇట్లు జరుగుచున్నది. తెలిసినచో చేయగలరు గావుననే ఈ మాటలు చెప్పుచున్నాము.

అంపశయ్య చెప్పు పాఠము

మహాభారతమున భీష్ముని అంపశయ్య ఘట్టమును మనము అనేక పర్యాయములు విని యున్నాము. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలో అది తెలుగువారి ఇంటింటికి చేరినది. ఆ ఘట్టమును రోగి మంచము ప్రక్క కూర్చుండువాని కన్నులతో మరల ఒకసారి చూడుడు.

పితామహుడు నేలకొరగెను. దేహము బాణములపై నిలిచినది గాని తల వ్రేలాడుచుండెను. తలగడ కావలెనని ఆయన అడిగెను. రాజులు పరుగున పోయి మెత్తని తలగడలు తెచ్చిరి. ఆయన వానిని వలదని అర్జునుని వంక చూచెను. అర్జునుడు ఏమి చేయవలయునో తాతగారినే అడిగి, ఆయన మనసెరిగి, మూడు బాణములతో తలకు ఆనిక కల్పించెను. దాహమనగా రాజులు భక్ష్యములను, చల్లని నీటి కుండలను తెచ్చిరి. ఆయన కోరినది అదియును కాదు. అర్జునుడు భూమిని భేదించి జలధార రప్పించెను. ఇందలి మర్మమేమి? తెచ్చినవారు ప్రేమతోనే తెచ్చిరి; కాని తమకు మంచిదని తోచినది తెచ్చిరి. అర్జునుడు రోగిని అడిగెను. సేవకు మొదటి సూత్రము ఇదియే: మనకు తోచినది కాదు, వారికి కావలసినది చేయవలెను.

రెండవ పాఠము. దుర్యోధనుడు శల్యములు తీయుటలో నేర్పరులైన వైద్యులను తోడ్కొని వచ్చెను. భీష్ముడు వారిని అవమానింపలేదు. తగిన ధనమిచ్చి, గౌరవించి పంపుమనెను. చికిత్సకు కాలము దాటినదని ఎరిగి, దానిని వలదనుట అధర్మము కాదని ఆయన నడత చెప్పుచున్నది.

మూడవ పాఠము అన్నిటికంటె ముఖ్యమైనది. యుద్ధానంతరమున ధర్మరాజు ధర్మములు వినగోరి రాగా, భీష్ముడు ఏమనెను? బాణముల వేదనచేత దేహము మండుచున్నది, బుద్ధి నిలకడగా లేదు, మాట తడబడుచున్నది, నేనేమి చెప్పగలననెను. అపుడు శ్రీకృష్ణ పరమాత్మ చేసినదేమి? ఓర్చుకొనుమని చెప్పలేదు. నొప్పి, మంట, మూర్ఛ, ఆకలి, దాహము ఆయనను బాధింపకుండునట్లు వరమిచ్చెను. ఆ తరువాతనే శాంతి, అనుశాసన పర్వములలోని ధర్మోపదేశమంతయు వెలువడినది. ముందు బాధ తొలగవలెను, తరువాత ధర్మచింతన. 58 రాత్రులు అంపశయ్యపై నున్న ఆ మహాత్ముడు, మృత్యువు చెంత నుండువాడు ఎంత విలువైన జీవితమును గడుపగలడో లోకమునకు చూపెను.

బాధ ప్రారబ్ధమా?

ఇచట ఒక సందేహము కలుగును. "ఈ బాధ పూర్వకర్మఫలము, అనుభవించినగాని తీరదు, దానిని మందులతో అణచుట కర్మకు అడ్డుపడుట కాదా?" అని కొందరు భక్తులు మమ్ము అడుగుదురు.

ఆకలి కూడ ప్రారబ్ధమే యనుకొన్నచో అన్నదానము పాపము కావలెను. దాహము ప్రారబ్ధమైనచో చలివేంద్రము పెట్టరాదు. అట్లని ఏ పెద్దయు చెప్పలేదు. ఎదుటివాని బాధ వాని కర్మమని తీర్పు చెప్పుట మన పని కాదు. ఆ బాధను చూచి మనము చేయునది మన కర్మము. ఆ లెక్క మన ఖాతాలో వ్రాయబడును. సాక్షాత్తు భగవంతుడే భీష్ముని బాధను తీసివేసిన పిమ్మట, మనము అడ్డుపడుటకు ఎవరము?

మరికొందరి భయము వేరు. నొప్పి మందు బుద్ధిని మసకబరచి దైవస్మరణకు అడ్డగునని వారందురు. అనుభవజ్ఞులైన వైద్యుల మాట దీనికి భిన్నము. తగిన మోతాదులో ఇచ్చిన మందుకంటె తీవ్రమైన నొప్పియే మనసును ఎక్కువ చెదరగొట్టును. రాత్రియంతయు అరచిన వాడు ప్రొద్దున నామజపము చేయలేడు. నొప్పి తగ్గి నాలుగు గంటలు నిద్రించిన వాడు చేయగలడు.

ఉపశమన వైద్యము పుట్టుక

రోగమును కుదుర్చలేకపోయినను రోగి బాధను తగ్గించు ఈ వైద్యమును పాలియేటివ్ కేర్ అందురు; తెలుగున ఉపశమన సేవ యనవచ్చును. ఇంగ్లండు దేశమున సిసిలీ సాండర్స్ అను వనిత మొదట నర్సుగా పనిచేసి, పిమ్మట వైద్యవిద్య నేర్చి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టోఫర్స్ అను హాస్పిస్ నెలకొల్పెను. అంత్యకాలమున నున్నవారి బాధ ఒక్క దేహమునకు సంబంధించినది కాదని ఆమె బోధించెను. దేహబాధ, మనోవ్యథ, కుటుంబమును గూర్చిన చింత, "నా బ్రతుకునకు అర్థమేమి" అను ఆత్మవేదన, ఈ నాలుగును కలిసియే రోగిని పీడించును. కూతురి పెండ్లి కాలేదను దిగులుతో మూలుగు తండ్రికి సూదిమందు ఒక్కటే చాలదు.

1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పికి మందులిచ్చు పద్ధతిని నిర్దేశించినది: నోటిద్వారా, గడియారము ప్రకారము, తక్కువ మందుతో మొదలిడి అవసరమును బట్టి మెట్టు మెట్టుగా. నొప్పి వచ్చిన పిమ్మట మందు వెదకుట కాదు, నొప్పి మరల తలయెత్తక మునుపే ఇచ్చుట ఇందలి కీలకము. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు ముఖ్యమైన ఔషధము. అది నల్లమందు నుండి తీసినది గావున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దానిపై కఠిన నియమములు విధించినది. దానివలన న్యాయముగా కావలసిన రోగులకును అది అందరానిదాయెను. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దానిని ఉంచుకొనుట సులభము చేసినది. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి వాడునపుడు మార్ఫిన్ వ్యసనమగునను భయము చాలవరకు నిరాధారము. మలబద్ధకము కలుగును గావున దానికి కూడ వైద్యుడు మందిచ్చును.

మన దేశమున 1986లో ముంబయిలో శాంతి అవేదనా ఆశ్రమము మొదటి హాస్పిస్‌గా వెలసినది. 1993లో కేరళలోని కోళిక్కోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ ప్రభృతులు ఉపశమన సేవా సంఘమును స్థాపించిరి. ఆ ఉద్యమము ఆసుపత్రి గోడలు దాటి వీధులకు వచ్చినది. విద్యార్థులు, దుకాణదారులు, గృహిణులు శిక్షణ పొంది, వారమునకు కొన్ని గంటలు తమ వీధిలోని రోగుల యిండ్లకు పోయిరి. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించినది. 2012లో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఉపశమన సేవా కార్యక్రమమును రూపొందించినది.

మనకు దగ్గరగా బెంగుళూరులో 1994లో ఏర్పడిన ట్రస్టు ఆధ్వర్యమున కరుణాశ్రయము కలదు. చికిత్సకు అందని క్యాన్సరు రోగులకు అచట రుసుము లేకుండ సేవ చేయుదురు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి యందు ఉపశమన విభాగము కలదు. 2011లో ప్రారంభమైన స్పర్శ్ హాస్పిస్ కలదు. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము లోకమున ఏటేట సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ అవసరము కాగా, అందుచున్నది వందకు 14 మందికి మాత్రమే. మెట్టసీమ పల్లెలోని ముసలితల్లి ఆ 14 మందిలో ఉండుట అరుదు. ఆమెకు ఆసుపత్రి వచ్చువరకు ఇల్లే ఆసుపత్రి కావలెను.

ఇంటిలో చేయదగిన సేవ

ఇందు గొప్ప విద్య యేదియు లేదు. నేర్చుకొనిన చేతులు, ఓర్పు కలిగిన మనసు చాలును.

మొదటిది, నొప్పిని గూర్చి అడుగుట. "ఎట్లున్నది?" అనగా పెద్దలు "బాగున్నది" అందురు, పిల్లలకు ఖర్చగునని దాచుదురు. "రాత్రి నిద్రపట్టినదా? ఎక్కడ నొప్పి? రూపాయిలో ఎన్ని అణాలు?" అని విడమరచి అడుగవలెను. ఆ జవాబును వైద్యునికి చెప్పవలెను.

రెండవది, కదలలేని వానిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుట. లేనిచో తుంటివద్ద, వెన్నుక్రింద, మడమలకు పుండ్లు పడును. పక్కబట్ట ముడుతలు లేకుండ, తడి లేకుండ ఉండవలెను.

మూడవది, ఆహారము. అంత్యదశలో ఆకలి తగ్గుట సహజము. తినక పోవుచున్నాడు కాదు. పోవుచున్నాడు గావున తినడు. ఈ తేడా తెలియక "రెండు ముద్దలైన తిను" అని బలవంతము చేయుట ప్రేమచేతనే గాని, మ్రింగలేని వానికి అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రమాదమగును. అడిగినది, అడిగినంత, చెంచాతో ఇచ్చిన చాలును.

నాలుగవది తులసితీర్థము. దీనిని గూర్చి ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. చివరి ఘడియలో నోట తీర్థము పోయుట మన పవిత్రాచారము. కాని బంధువులందరును వరుసగా ఉద్ధరిణెతో పోయుచుండగా మ్రింగలేని వానికి పొలమారి ఉక్కిరిబిక్కిరి యగుట మేము చూచుచున్నాము. పుణ్యము పరిమాణములో లేదు. శుభ్రమైన దూదిని తీర్థములో తడిపి పెదవులకద్దిన చాలును. ఎండిన నోటికి హాయి, ఆచారమునకు లోపము లేదు.

ఐదవది, గాలి, మాట. మంచము చుట్టు జనము మూగరాదు. తలవైపు కొంచెము ఎత్తుచేసి, కిటికీ తెరచి, మొగమునకు మెల్లగా గాలి తగులనీయవలెను. చివరి దినములలో చేతులు చల్లబడుట, ఊపిరి ఆగి ఆగి వచ్చుట, గొంతులో గురగుర శబ్దమగుట సహజ లక్షణములు. చూచువారికి భయము కలిగించినను, స్పృహలేని రోగికి వానివలన బాధ యుండదని వైద్యులందురు. కనులు తెరవని వాడును వినుచుండవచ్చును. గావున మంచము ప్రక్కన ఆస్తిపంపకముల వాదులాట తగదు. చెవిదగ్గర మెల్లగా నామస్మరణము, చేతిలో చేయి, ఇవియే తగును.

నేలపై పరుండబెట్టుటను గూర్చి ఒక్కమాట. అది ఆచారమే. కాని విరిగిన తుంటితోనో, ఎముకలకు ప్రాకిన క్యాన్సరుతోనో నున్నవానిని అరుపులమధ్య క్రిందికి దింపుట దయ కాదు. ఆపత్కాలమున ఆచారము సడలునని శాంతిపర్వములోని ఆపద్ధర్మ ప్రకరణమే చెప్పుచున్నది. మీ పురోహితుని అడుగుడు, దారి చెప్పును. నక్షత్రదోష భయముతో, అద్దె యింటిలోని రోగిని ప్రాణముండగనే వీధిలోనికి పంపు యజమానులకు కూడ మా విన్నపమిది: దోషమునకు శాంతి చేయించుకొనవచ్చును; వెళ్ళగొట్టిన పాపమునకు శాంతి లేదు.

సత్యము, సంకల్పము

రోగికి రోగము పేరు చెప్పకుండుట మనలో వాడుక. "తట్టుకొనలేడు" అందురు. పరీక్షిన్మహారాజును తలచుకొనుడు. ఏడు దినములలో మరణమని ఆయనకు తెలిసెను. తెలిసినందుననే గంగాతీరము చేరెను, ఋషులు వచ్చి చుట్టును కూర్చుండిరి, శుకయోగిని "మరణించువాడు చేయదగినదేమి?" అని అడుగగలిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే భాగవతము. దాచియుంచిన యెడల ఆయనకు ఆ ఏడు దినములు లేవు. అయితే సత్యమును రాయి విసరినట్లు చెప్పరాదు. వారెంత తెలిసికొనగోరుచున్నారో కనుగొని, అంతవరకు మెత్తగా చెప్పవలెను. చెప్పవలదని వారే కోరినచో అదియును వారి హక్కే.

చెప్పుకొనుటకు ఒక ప్రయోజనము కలదు. ఎచట కన్ను మూయవలయునో, ఎవరిని చూడవలయునో, ఆశలేని స్థితిలో గొట్టములు, యంత్రములు కావలయునో వలదో రోగియే చెప్పగలడు. 2018 మార్చి 9వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానము, గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమని తీర్పిచ్చి, ముందస్తు వైద్య నిర్దేశ పత్రమునకు చెల్లుబాటు కల్పించెను. 2023 జనవరిలో ఆ విధానమును సులభము చేసెను: ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారిచేత ధ్రువీకరింపజేసిన చాలును. ప్రాణము తీయుటకు ఇది అనుమతి కాదు. నిష్ఫలమైన యంత్రములను వలదనుటకు మాత్రమే. అందును వైద్యమండలుల నిర్ణయము కావలెను. ఇది తెలియక ఉన్న రెండెకరముల చేనును అమ్మి, తిరిగిరాని ప్రాణమునకు యంత్రముల అద్దె కట్టి, శవమును, అప్పును కలిపి ఇంటికి తెచ్చుకొనిన కుటుంబములు కలవు. ఏ తండ్రి అట్టి కానుకను బిడ్డలకు ఈయగోరును?

మిగిలిన వారి శోకము

మరణముతో పోయినవాని బాధ తీరును. ఉన్నవారి బాధ ఆరంభమగును. శోకము జబ్బు కాదు, బలహీనత కాదు. ప్రేమ ఉన్నచోట అది ఉండి తీరును. శ్రీరామచంద్రుడు జటాయువునకై కన్నీరు కార్చి, తండ్రికి వలె దహనసంస్కారము చేసెను. మన సీమలోని లేపాక్షి పేరునకు ఆ పక్షిని "లే పక్షీ" యని రాముడు పిలిచిన కథనే జనులు చెప్పుకొందురు. దేవుడే ఏడ్చిన చోట మనుష్యుని ఏడవవలదనుట ఏమి న్యాయము?

వలసపోయిన బిడ్డల దుఃఖము మరియొక తీరుది. మేనమామ యింటినుండి వచ్చిన భరతుడు, తండ్రి పోయెనని విని కైకేయిని అడిగిన ప్రశ్నలలో ఒకటి "నాయన చివరగా ఏమనెను?" అనునది. బెంగుళూరునుండి రాత్రి బస్సులో వచ్చి, చాప ఖాళీగా చూచిన కొడుకు అడుగునదియు అదియే. గావున చివరి దినములలో దగ్గరనున్న ఇరుగుపొరుగు ఆ మాటలను గుర్తుంచుకొనవలెను. వీలైనచో బ్రతికియుండగనే ఫోనును చెవిదగ్గర పెట్టి కొడుకు గొంతు వినిపింపవలెను.

మన కర్మకాండలో శోకోపశమనము దాగియున్నది. పది దినములు ఆ యింట పొయ్యి బరువు లేకుండ చుట్టములు అన్నము తెచ్చుట, పరామర్శకు వచ్చి ఊరక కూర్చుండుట, పదవనాడు, పండ్రెండవనాడు అందరును కూడుట, నెలనెల మాసికము, ఏడాదికి సంవత్సరీకము. శోకము ఒక్కనాట తీరదని, మెట్టు మెట్టుగా దిగునని ఎరిగిన పెద్దలు ఏర్పరచిన మెట్లివి. అయితే నేడు పండ్రెండవనాటి భోజనము కాగానే అందరును వెడలిపోవుదురు. పదమూడవ నాటి ఉదయమున ఆ ఇల్లు నిజముగా శూన్యమగును. ఓదార్పు అవసరమైనది అప్పుడే. ధర్మరాజు యుద్ధానంతరమున ఒక మాసము గంగ ఒడ్డున శోకించుచుండగా ఋషులు ఆయన చెంతకు వచ్చిరి. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు పలుమారులు పలువిధముల పలికిరి. ఒక్కమాటతో ఆ దుఃఖము తీరలేదు. ఎవ్వరును ఆయనను విడిచిపోలేదు.

ఓదార్చబోవువారు కొన్ని మాటలు మానవలెను. "నీ కర్మ", "ఇంకా ఏడ్చుచున్నావా", "ఇంకొక బిడ్డ ఉన్నాడు కదా" అను మాటలు పుండుపై కారము. ఏమి చెప్పవలయునో తోచనపుడు మౌనము మేలు. చనిపోయినవాని పేరెత్తి ఒక మంచి సంగతి తలచుకొనుట ఇంకను మేలు. పిల్లలను "తాత ఊరికి పోయినాడు" అని మభ్యపెట్టరాదు. వారు వాకిట ఎదురుచూచుచుందురు. భర్త పోయిన స్త్రీని పదిమందిలో కూర్చుండబెట్టి గాజులు పగులగొట్టుట, బొట్టు చెరుపుట ఆమె దుఃఖమునకు అవమానము జోడించుటయే. ఇష్టములేని స్త్రీని ఇందుకు నిర్బంధింపకుడు. శుభకార్యములకు ఆమెను పిలువుడు.

కరవు, అప్పు తోడై ఆత్మహత్యకు పాల్పడిన రైతుల కుటుంబములు మన జిల్లాలో అనేకము. ఆ యిండ్లలో శోకముతో కూడ సిగ్గు, కోపము, "నేను ముందే గమనించియుంటినా" అను పశ్చాత్తాపము ఉండును. ఊరివారు కారణములు తవ్వి అడుగుటచే ఆ యాలు, ఆ తల్లి తలుపు మూసికొందురు. వారి గడపను ఎక్కుడు; కారణములు అడుగక, పనులు అడుగుడు: పిల్లల ఫీజు, కాగితముల పని, విత్తనములు. నెలలు గడచినను తినక, నిద్రింపక, తానును చనిపోవుదునను వారి మాటను తేలికగా తీసికొనరాదు. వెంటనే వైద్యుని చూపవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 అను సంఖ్యపై ఏ వేళనైన ఉచితముగా ఫోను చేసి మాటలాడవచ్చును.

ఆలయము చేయదగిన పని

కాశీలో 1958 నుండి ముక్తిభవనమను ధర్మశాల అంత్యకాలమున వచ్చువారికి ఆశ్రయమిచ్చుచున్నది. అందరును కాశికి పోలేరు. కాశి పోలేనివాని వద్దకు కాశిని తెచ్చుట ప్రతి ఊరి గుడికిని సాధ్యమే. అన్నదానము, ఉత్సవము, గోపుర జీర్ణోద్ధారణము వలెనే ఇదియును దేవుని కైంకర్యమని మేము భావించుచున్నాము.

మంచము పట్టినవారి యిండ్లు ఏవో ఆ వీధి భక్తులకు తెలిసియే యుండును. వానిని ఒక పుస్తకమున వ్రాసి, ఇద్దరిద్దరు చొప్పున వారమునకొకసారి పోయి రావలెను. ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను పిలిచి పుండ్లు కడుగుట, ప్రక్కకు త్రిప్పుట నేర్చుకొనవలెను. తల యెత్తు మంచము, గాలి పరుపు, చక్రాల కుర్చీ ఒక్కొక్కటి గుడిలో ఉంచి, కావలసిన యింటికి ఇచ్చి, పని తీరిన పిమ్మట తెచ్చుకొనవచ్చును. రాత్రింబవళ్ళు సేవచేయు కోడలికి, భార్యకు వారమున ఒక్క పూట విశ్రాంతి కలుగునట్లు ఆ పూట మరియొకరు కూర్చుండవలెను. సేవచేయువారిని సేవించుటయు సేవయే. మరణము సంభవించిన యింటికి నెల తిరిగినప్పుడు, మూడు నెలలకు, పండుగ చేయని ఆ మొదటి ఉగాదినాడు, మొదటి సంక్రాంతినాడు ఎవరైన తప్పక పోవలెను. ఇందుకు ధనము స్వల్పము, కాలము కావలెను.

భక్తులారా! గుడి మెట్లపై కూర్చుండి మనకు మనము కోరుకొను వరమును, ప్రక్కవీధి చాపపై నున్నవాడును కోరుకొనుచున్నాడు. భగవంతుడు భీష్మునికి ఆ వరమును స్వయముగా ఇచ్చెను. మన ఊరివారికి మన చేతులద్వారా ఈయదలచినాడు. ప్రసాదము తీసికొని ఇంటికి పోవునపుడు, దారిలో అట్టి యిల్లు ఒకటి ఉన్నచో లోపలికి పొండు. చేయి పట్టుకొని "రాత్రి నిద్రపట్టినదా?" అని అడుగుడు. జవాబు చెప్పువరకు కూర్చుండుడు.

శుభం భూయాత్.